మా ఇంట్లో ఎవరికీ లేదు

మా పాపకు పైన ముందుపళ్ళు రెండూ ఊడి కొత్తవి మొలిచినప్పుడు దానికి ఏడు దాటింది. ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ దాన్ని బాల్కనీలో ఎండకు నిలబెట్టి, పెదవి పైకెత్తి చూసి, "ఒకసారి ఈడకు రండి" అని నన్ను పిలిచింది. వెళ్ళి చూశాను. పళ్ళు నున్నగా లేవు. అడ్డంగా గోధుమరంగు చారలు, ఆ చారల వెంబడి సూదిమొనతో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు. అంచులు పలచగా, ముట్టుకుంటే పెచ్చు ఊడేటట్టున్నాయి.

చూడగానే నాకు తెలిసిపోయింది. చిన్నప్పుడు నా పళ్ళు అచ్చం అట్లాగే ఉండేవి.

"సరిగ్గా తోముకోవడం లేదు, అంతే. నువ్వు చాక్లెట్లు పెట్టడం తగ్గించు" అన్నాను.

ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది. ఒక్క మాటతో ఏడేళ్ళ పిల్లనూ, దాని తల్లినీ ఇద్దరినీ తప్పుపట్టి, లోపలికొచ్చి పేపరు చదువుకున్నాను.

నేను ఈ ఊళ్ళోనే, చూలై అనే పేటలో పుట్టి పెరిగాను. మా తాతల కాలానికి ముందే మావాళ్ళు తెలుగునేల వదిలి ఈ అరవ ఊరికి వచ్చేశారు. నాన్నకు కిటికీ ఊచలు, గేట్లు చేసే చిన్న వర్క్‌షాపు ఉండేది. పదకొండేళ్ళప్పుడు బడిలో ప్రార్థన దగ్గర నిలబడినవాణ్ణి నిలబడినట్టే పడిపోయాను. ఫిట్సు అన్నారు. తర్వాత ఇంట్లో పడ్డాను, వీధిలో పడ్డాను. పడినప్పుడల్లా నాన్న పరుగున వెళ్ళి షాపులోంచి ఇనుప ఊచ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఫిట్సు మాత్రలు రెండేళ్ళు మింగాను. వాటివల్ల క్లాసులో నిద్ర వచ్చేదే కానీ ఫిట్సు తగ్గలేదు.

చివరికి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఒక డాక్టరమ్మ నా చెవి ముందు వేలితో చిన్నగా తట్టింది. నా మూతి తనంతట తానే ఒక పక్కకు లాక్కుంది. చేతికి బీపీ పట్టీ కట్టి, గాలి కొట్టి, కొన్ని నిమిషాలు అట్లాగే ఉంచింది. నా వేళ్ళు కొంకరపోయి బొటనవేలు అరచేతిలోకి మడుచుకుంది. "ఇది మూర్ఛరోగం కాదమ్మా" అని అమ్మకు చెప్పింది. మెడలో గింజలంత గ్రంథులు కొన్ని ఉంటాయట, రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో అవి చూసుకుంటాయట. నాకు అవి తమ పని చేయడం లేదు. నోరు తెరిపించి చూసి, పళ్ళు ఇట్లా తయారైంది కూడా అందుకేనంది. రోజూ కాల్షియం మాత్రలు, ఒక విటమిన్ గుళిక, బతికినన్నాళ్ళూ. ఆ తర్వాత నేను మళ్ళీ పడలేదు.

ఆ రోజు బస్టాపులో అమ్మ నా గడ్డం పట్టుకుని చెప్పింది. "నయమైపోయిండాది. ఇంక ఫిట్సు మాట గానీ మాత్రల మాట గానీ ఎవురితోనూ అనొద్దు. అర్థమయిందా? నీకు రేపు పెళ్ళి గావాల."

మాట దాచడం తేలికే. పళ్ళు దాచడం కష్టం. క్లాసులో నన్ను "తురుప్పల్లా" అని పిలిచేవాళ్ళు, తుప్పు పళ్ళవాడా అని. నవ్వొస్తే తల దించుకునేవాణ్ణి. చల్లటి నీళ్ళు తాగితే పంటి మొదలు నుంచి కంటిదాకా జివ్వున లాగేది. జామకాయ కొరకలేను. చలికాలం పొద్దున నోరు తెరిచి గాలి పీల్చినా నొప్పే. ఉద్యోగం వచ్చాక, పెళ్ళికి ముందు, పైపళ్ళు ఆరింటికీ తెల్లటి క్యాపులు వేయించుకున్నాను. మా ఆవిడతో, బైకు మీద నుంచి పడ్డానని చెప్పాను. నేను రోజూ చప్పరించే కాల్షియం మాత్రలు గ్యాసు మాత్రలన్నాను. ఐస్‌క్రీము ఎందుకు తినరంటే గొంతుకు పడదన్నాను. పదకొండేళ్ళు ఆవిడ ఇవన్నీ నమ్మింది. నమ్మకపోవడానికి కారణమేముంది?

బాల్కనీలో ఆ మాట అన్న మర్నాటి నుంచి పాప పళ్ళు తోమించే పని నేనే పెట్టుకున్నాను. షోళింగనల్లూరులో మా అపార్టుమెంటుకు ఆఫీసు క్యాబు ఎనిమిదిన్నరకు వస్తుంది. ఏడింటికల్లా బాత్రూము గుమ్మంలో నిలబడేవాణ్ణి.

"ఇంకా గట్టిగా. ఆ చారలు పోయేదాకా తోము."

"కూసుదుప్పా" అనేది పాప. దానికి నొప్పి చెప్పాలంటే అరవమే వస్తుంది. పళ్ళు జివ్వుమంటున్నాయి నాన్నా అని.

"జివ్వుమంటే అననీ. తోముకోకపోతే అట్లాగే ఉంటుంది."

చారలు పోవని నాకు తెలుసు. లోకంలో ఏ బ్రష్షుతో తోమినా పోవు. నేనే తోమి చూశాను గనక, ఉప్పుతో, బొగ్గుతో, ఒకసారి వర్క్‌షాపులో ఇనుము రుద్దే ఉప్పుకాగితంతో కూడా. అయినా అక్కడే నిలబడి తోమించాను. ఒకరోజు బేసినులో నురుగు గులాబీరంగుగా పడింది. పాప దాన్ని చూసి నా వైపు చూసి, నేనేమైనా అంటానేమోనని గబగబా నీళ్ళు తిప్పేసింది. క్యాబు వచ్చిందని దిగి వెళ్ళిపోయాను.

సాయంత్రాలు కింద ఆడుకుని వచ్చి కాళ్ళు పట్టేస్తున్నాయనేది. మూతి చుట్టూ చీమలు పాకినట్టుందని ఒకసారి అంది. ఎదిగే పిల్లలకు అట్లా ఉంటుందిలే అని మా ఆవిడ నూనె రాసేది. అప్పుడు నేను చేసిన పని ఎవరికి చెప్పినా తలెత్తుకోలేను. నా డబ్బాలోని మాత్రను సగానికి విరిచి, "మిఠాయి, చప్పరించు, అమ్మకు చెప్పొద్దు" అని పాప చేతిలో పెట్టాను. వారానికి రెండుసార్లో మూడుసార్లో. ఒక డాక్టరు రక్తం పరీక్షించి, లెక్కచూసి ఇవ్వాల్సిన మందు అది. నేను నా గుట్టు బయటపడకుండా ఉండటానికి దొంగతనంగా ఇచ్చాను. అమ్మ నాకు నేర్పిన మాటనే పాపకు నేర్పుతున్నానని అప్పుడు తట్టలేదు.

మా ఆవిడే పళ్ళ డాక్టరు దగ్గర అపాయింటుమెంటు తీసుకుంది. చిన్న క్లినిక్కు, వయసులో మాకంటే చిన్న డాక్టరు. పాప నోట్లో చిన్న పైపుతో గాలి ఊదగానే పాప కుర్చీలోంచి ఎగిరిపడింది. డాక్టరు వెంటనే ఆపేసి, దాని భుజం మీద చేయి వేసి సారీ చెప్పింది. ఆ తర్వాత మా వైపు తిరిగి అరవంలో చెప్పింది.

"ఇది పుచ్చు కాదు మేడం. తోముకోకపోవడం వల్ల వచ్చింది అసలే కాదు. పన్ను లోపల తయారయ్యేటప్పుడే పైపూత సరిగా పట్టలేదు. వెనక పళ్ళు కూడా ఇట్లాగే ఉన్నాయి. ఇంత గట్టిగా ఎవరు తోమిస్తున్నారు? చిగుళ్ళు కోసుకుపోయాయి."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది పళ్ళ బొమ్మ చూస్తున్నాను.

"చేతులు, కాళ్ళు కొంకర్లుపోతాయా పాపకు? ఫిట్సేమైనా వచ్చాయా? ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి పళ్ళున్నాయా?"

"మా పక్క ఎవురికీ లేదు" అంది మా ఆవిడ. "మీ పక్క?"

"మా ఇంట్లో ఎవరికీ లేదు" అన్నాను.

డాక్టరు నేను మాట్లాడుతున్నప్పుడు నా నోటి వంకే చూస్తోంది. "సార్, మీ ముందుపళ్ళు క్యాపులు కదా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడే జవాబిచ్చింది. "అవును, పెళ్ళికి ముందు బైకు మీద నుంచి పడినారు. పాపం, ఆరు పళ్ళు పోయినాయి." 'పాపం' అనడంలో ఆవిడ గొంతులో నిజమైన జాలి ఉంది. నేను ఆడిన అబద్ధం ఆవిడ నోట అంత నమ్మకంగా వినడం కంటే చెంపదెబ్బ తిన్నా నయమనిపించింది. అయినా తలూపాను.

డాక్టరు పళ్ళకు ఏదో పూత పూసి, మెత్తటి బ్రష్షు, వేరే పేస్టు రాసిచ్చింది. కాల్షియం పరీక్ష చేయించి తీరాలని ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితం నేను జేబులో పెట్టుకున్నాను. శనివారం వెళ్దామన్నాను. శనివారం వచ్చాక వచ్చేవారం అన్నాను. మూడోవారం మా ఆవిడ గట్టిగా అడిగేసరికి, "మా ఆఫీసులో వచ్చే డాక్టరును అడిగాను, ఈ వయసుకు అక్కర్లేదన్నాడు" అన్నాను. అట్లాంటి డాక్టరును నేను అడగనేలేదు. పరీక్ష చేస్తే కాల్షియం తక్కువని తేలుతుంది, తేలితే ఎవరి నుంచి వచ్చిందని అడుగుతారు, ఆ ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. నా భయమంతా అదే. పాపకు ఏమవుతుందన్నది దాని తర్వాతే వచ్చేది.

పది రోజులకు బడి నుంచి ఫోను వచ్చింది. స్పోర్ట్స్‌డే కోసం ఎండలో పరుగు పెట్టించారట, పాప కూలబడిపోయిందట, చేతులు బిగుసుకుపోయాయట. మా ఆవిడ ఆటోలో ముందే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను ఆఫీసు నుంచి వెళ్ళేసరికి క్యాజువాలిటీలో మంచం మీద పడుకుని ఉంది. రెండు చేతులూ మణికట్టు దగ్గర వంగి, బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని, మిగతా వేళ్ళు కర్రల్లా ఒకచోటికి చేరి ఉన్నాయి. ఏడవడం కూడా లేదు.

"అప్పా, చేయి తెరవడానికి రాలే" అంది.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. ఫిట్సు అయి ఉండొచ్చని, దానికి మందు రెడీ చేయమని నర్సుతో అంటున్నాడు. మా ఆవిడ పాప మణికట్లు రెండూ పట్టుకుని వేళ్ళు విడదీయడానికి చూస్తోంది.

"డాక్టర్, అది ఫిట్సు కాదు. కాల్షియం చూడండి" అన్నాను.

"మీకెట్లా తెలుసు?"

"నాకూ ఉంది. చిన్నప్పటి నుంచీ."

మా ఆవిడ తలెత్తి చూసింది. చూపు తిప్పుకోకుండా అట్లాగే చూసింది. చేతులు మాత్రం పాప మణికట్లను వదల్లేదు.

డాక్టరు పాప చెవి ముందు తట్టాడు, పెదవి చివర లాక్కుంది. రక్తం పరీక్షకు పంపారు, గుండె దగ్గర తీగలు అతికించి, సెలైన్‌లో కాల్షియం చాలా నెమ్మదిగా ఎక్కించారు. పాప వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. రిపోర్టులో కాల్షియం ఉండాల్సినదానికంటే బాగా కిందుంది. "ఏమైనా మందులు వాడుతోందా?" అని అడిగాడు. ఇంక ఆ సగం మాత్ర సంగతి కూడా చెప్పక తప్పలేదు. అతను రాస్తున్న పెన్ను ఆపాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు.

"అరివిరుక్కా సార్?" అన్నాడు. బుద్ధుందా అని. చుట్టూ వేరే రోగులు, వాళ్ళ బంధువులు. అందరూ నా వైపు తిరిగారు.

పాపను వార్డుకు మార్చాక మా ఆవిడ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పెండ్లికి ముందు ఎందుకు చెప్పలేదని నేను అడగడంలే. అది మీ అమ్మ చెప్పొద్దనిందని నాకు ఈ పాటికి అర్థమయింది. పోయిన నెల ఆ డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నన్ను ఎప్పుడూ నువ్వనలేదు.

"భయమేసింది."

"నీకేనా భయం? అది రోజూ పొద్దున నువ్వు బాత్రూము కాడికి వస్తావని ముందే లేచి ఒకసారి తోముకునేది. నీకు తెలుసా? నీకు తిట్టే పని లేకుండా చెయ్యాలని. రెండోసారి నీ ముందర తోమేది."

తెలీదు. నాకు ఆ సంగతి తెలీదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు నన్ను తప్పుకుని వెళ్తున్నారు. మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మూడు రోజులకు ఇంటికొచ్చాం. పాప సోఫాలో కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. పక్కన కూర్చుని, ఎట్లా మొదలుపెట్టాలో తెలీక, మొదలుపెట్టాను. నీ పళ్ళు నువ్వు సరిగా తోముకోకపోవడం వల్ల అట్లా అవలేదురా, నాకున్న జబ్బే నీకూ వచ్చింది, చిన్నప్పుడు నా పళ్ళూ అట్లాగే ఉండేవి, ఇవి పైన తొడిగించుకున్నవి అని చెప్పాను. అది నా ముందుపళ్ళ వంక కాసేపు పరీక్షగా చూసింది.

"అప్పుడు నీకు ముందే తెలుసా, నావల్ల కాదని?"

"తెలుసు."

"మరి ఏన్ ప్పా తిట్టినే?"

ఎందుకు తిట్టావు నాన్నా అని మామూలుగా అడిగింది, లెక్కలో తెలీనిది అడిగినట్టు. నేనేం చెప్తానోనని ఆగింది. క్షమించమన్నాను. "శరి" అని మళ్ళీ బొమ్మ వేసుకోవడంలో పడింది. ఆ శరి అంటే క్షమించిందనో, ఇంక లేచి వెళ్ళమనో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ తర్వాతి రెండుసార్లు పళ్ళ డాక్టరు దగ్గరికి మా ఆవిడ పాపను ఒక్కతే తీసుకెళ్ళింది. నేను వస్తానంటే "వద్దు" అంది. మూడోసారి అడక్కుండానే వెళ్ళి కూర్చున్నాను. డాక్టరుతో, ఆ రోజు అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె తిడుతుందేమోనని సిద్ధపడే వెళ్ళాను. ఆమె మాత్రం, "ఆ పరీక్ష అప్పుడే చేయించి ఉంటే పాపకు ఆ రోజు తప్పేది" అని ఊరుకుంది. పాప వెనక పళ్ళకు చిన్న లోహపు తొడుగులు వేసింది, ముందుపళ్ళ గుంటల్లో పంటిరంగు పదార్థం నింపింది. పెద్దయ్యాక మళ్ళీ చేయించాలట. ఇప్పుడు పాప గోరువెచ్చటి నీళ్ళతో, దాని ఇష్టం వచ్చినంత మెల్లగా తోముకుంటుంది. నేను అటు వెళ్ళను.

హార్మోన్ల డాక్టరు నన్నూ పాపనూ కలిపే చూస్తున్నాడు. ఇది వంశంలో దిగే రకమని, మందు మోతాదు మించితే కిడ్నీలకు చేటని, అందుకే ఊరికే మాత్రలు చప్పరించకూడదని చెప్పాడు. చివర్లో, "మీ రక్తసంబంధీకుల్లో చేతులు కొంకర్లుపోయేవాళ్ళు, ఫిట్సని మందు వాడేవాళ్ళు ఉంటే తప్పక చెప్పండి" అన్నాడు.

నాకు వెంటనే ఒక పిల్ల గుర్తొచ్చింది. ఎన్నూరులో మా పెదనాన్న కొడుకు ఉంటాడు, నాకు అన్న. కరెంటు ఉత్పత్తి స్టేషన్లో పని. అన్న కూతురికి ఫిట్సని మూడేళ్ళ కిందటే విన్నాను. ఒక పెళ్ళిలో విన్నాను, పంక్తిలో కూర్చుని. విన్న రోజు నాకు అనుమానం రాలేదని చెప్పుకుంటే బాగుండును. వచ్చింది. అన్నం కలుపుకుంటూనే వచ్చింది. అన్నకు చెప్తే నా సంగతి చుట్టాలందరికీ తెలుస్తుందని ఆ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

చూలై వెళ్ళి అమ్మకు ముందు చెప్పాను, అన్న దగ్గరికి వెళ్తున్నానని. అమ్మ చీర కొంగు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

"నేను నీ మంచికే చెప్పినాన్రా" అంది.

"తెలుసుమ్మా. నేను చేసింది నీమీద పెట్టడంలే."

"మీ నాయినకు కూడా చేతులు గుంజేవి. సుత్తి పట్టి పట్టి అట్లయిండాది అనుకుంటిమి." మడత వదిలేసి, "పో, పొయ్యి చెప్పు" అంది.

ఎన్నూరు దారిలో లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. అన్న ఇంట్లోనే ఉన్నాడు. తలుపు తీసింది ఆ అమ్మాయే. పంతొమ్మిదేళ్ళుంటాయి. ఫిట్సు భయంతో డిగ్రీ మధ్యలో మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. చిన్నాన్నా అంటూ కాఫీ తెచ్చి పెట్టింది. తను లోపలికి వెళ్ళాక, అన్నకూ వదినకూ అంతా చెప్పాను. నా ఫిట్సు, మాత్రలు, మా పాప, ఆసుపత్రి. కాల్షియం పరీక్ష చేయించమని, డాక్టరు పేరున్న కాగితం బల్ల మీద పెట్టాను.

అన్న కాగితం తీసుకోలేదు.

"ఇది నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసురా?"

"చిన్నప్పటి నుంచి."

"అది కాదు. మా పిల్ల సంగతి ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూడేళ్ళయింది."

వదిన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్న లేచి చెప్పులు తొడుక్కుని, నన్ను అక్కడే వదిలి బయటికి వెళ్ళాడు. కాఫీ చల్లారింది. కాసేపు చూసి నేనూ వచ్చేశాను.

పరీక్షలో అమ్మాయికి కాల్షియం తక్కువనే వచ్చింది. అన్నింటికీ కారణం అదే అవునో కాదో చూడాలని, ఫిట్సు మందులు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారని అమ్మ ద్వారా తెలిసింది. వచ్చే ఏడు మళ్ళీ కాలేజీకి పంపుతారట. అన్న నా ఫోను ఎత్తడం లేదు. మా ఆవిడ మాట్లాడుతుంది, పనులు పంచుకుంటుంది, మళ్ళీ మీరు అనే అంటుంది. కానీ నేను చిన్న విషయం చెప్పినా, క్యాబు ఆలస్యమయిందన్నా సరే, ఒక్క క్షణం ఆగి నా మొహం చూసిగానీ ఊఁ అనదు.

మొన్నటి వానాకాలంలో ఒకసారి వదిన ఫోన్ చేసింది. హార్మోన్ల డాక్టరు ఏయే రోజులు ఉంటాడని అడిగింది. మంగళవారం, శుక్రవారం అని చెప్పాను. ఇంకేమైనా అంటుందేమోనని ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. పెట్టేసింది.